ప్రాక్సీ వెనక 60 ల్యాబ్ మెషీన్లలో బోయింక్: డౌన్‌లోడ్లు ఆగిపోతున్నాయి, రోజూ కొత్త హోస్టులు పుట్టుకొస్తున్నాయి

ల్యాబ్_కాపరి:
ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్. 60 విండోస్ డెస్క్‌టాప్‌లు, అన్నీ ఒకే ఇమేజ్ నుంచి క్లోన్ చేసినవి. రీబూట్ చేస్తే సీ డ్రైవ్ పాత స్థితికి వెళ్లిపోయేలా ఫ్రీజ్ సాఫ్ట్‌వేర్ ఉంది. బయటికి దారి స్క్విడ్ అనే ప్రాక్సీ సర్వర్ ఒక్కటే, పోర్టు 3128. ఆ పైన ఫైర్‌వాల్ హెచ్‌టీటీపీఎస్‌ను విప్పి చూస్తుంది, అనుమతించిన డొమైన్లు తప్ప ఏవీ తెరుచుకోవు. ఖాళీగా ఉన్న కంప్యూటర్ల శక్తిని పరిశోధనలకు అందించే బోయింక్‌ను సర్వీస్‌గా (ఎవరూ లాగిన్ కాకున్నా వెనక నడిచేలా) ఇన్‌స్టాల్ చేసి, ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ అనే ఖగోళ పరిశోధన ప్రాజెక్టుకు కలిపాం.

లాగ్‌లో కాసేపు "బోయింక్ కాంట్ యాక్సెస్ ఇంటర్నెట్" అని, కాసేపు సర్టిఫికెట్‌ను నమ్మలేనని వస్తోంది. షెడ్యూలర్ (పని పంచే ప్రాజెక్టు సర్వర్) పని ఇస్తోంది గానీ ఫైళ్లు దిగడం లేదు. అకౌంట్ పేజీలో రోజూ కొత్త కంప్యూటర్లు (హోస్టులు) చేరుతున్నాయి. 12 మెషీన్లలో గ్రాఫిక్స్ కార్డులున్నా గుర్తించడం లేదు. పోర్టు 31416 బయటికి తెరవాలా?

నెట్‌గుమ్మం:
31416 తెరవకండి. బయటి ప్రాజెక్టుకూ ఆ పోర్టుకూ సంబంధం లేదు. మీ మెషీన్లో నడిచే బోయింక్ ప్రోగ్రామే (క్లయింటు) 80, 443 మీదుగా బయటికి వెళ్లి పని అడుగుతుంది, సర్వర్ ఎప్పుడూ లోపలికి రాదు. 31416 అనేది బోయింక్ మేనేజర్ తెరా, బోయింక్‌సీఎండీ అనే కమాండ్ పరికరమూ క్లయింటుతో మాట్లాడుకునే పోర్టు. మీ అడ్మిన్ మెషీన్ నుంచి 60ని చూసుకోవాలంటే రిమోట్_హోస్ట్స్.సీఎఫ్‌జీలో ఆ ఒక్క ఐపీ రాయండి, విండోస్ ఫైర్‌వాల్ నియమంలో కూడా అదే ఐపీ పెట్టండి. జీయూఐ_ఆర్‌పీసీ_ఆథ్.సీఎఫ్‌జీలో ప్రతి మెషీన్‌కూ వేరే పాస్‌వర్డ్ పుడుతుంది కాబట్టి గ్రూప్ పాలసీతో మీదొకటి తోయాలి. కొందరు సులువని అలో_రిమోట్_జీయూఐ_ఆర్‌పీసీ ఆన్ చేస్తారు. దాంతో ఏ ఐపీ నుంచైనా తలుపు తట్టొచ్చు, పైగా ఆ సంభాషణకు ఎన్‌క్రిప్షన్ లేదు. విద్యార్థులున్న నెట్‌వర్క్‌లో అది అస్సలు వద్దు.

"ఇంటర్నెట్ లేదు" అన్న మాటను యథాతథంగా నమ్మకండి. ప్రాజెక్టు సర్వర్ అందకపోతే క్లయింటు గూగుల్‌ను తట్టి చూస్తుంది. మీ జాబితాలో గూగుల్ లేకపోతే అదీ అందదు, అప్పుడు నెట్టే లేదని రాసేస్తుంది. క్లయింటు సెట్టింగుల ఫైలు సీసీ_కాన్ఫిగ్.ఎక్స్‌ఎంఎల్‌లో డోంట్_కాంటాక్ట్_రెఫ్_సైట్ 1 చేయండి, లేదా నెట్‌వర్క్_టెస్ట్_యూఆర్‌ఎల్‌లో మీకు తెరుచుకునే సైటు పెట్టండి.

అసలు ఆగుతున్నది ఫైళ్ల దగ్గర. షెడ్యూలర్ ఒక చోట, ఫైళ్లు వేరే చోట ఉంటాయి. ఐన్‌స్టైన్‌కు జర్మనీలోని హానోవర్, అమెరికాలోని మిల్వాకీ వంటి చోట్ల మిర్రర్లు (అవే ఫైళ్లు ఉంచే సర్వర్లు) ఉన్నాయి. సీసీ_కాన్ఫిగ్‌లోనే ఫైల్_ఎక్స్‌ఫర్_డీబగ్, హెచ్‌టీటీపీ_డీబగ్ ఫ్లాగులు పెట్టి, బోయింక్‌సీఎండీతో రీడ్_సీసీ_కాన్ఫిగ్ ఇవ్వండి. ఏ యూఆర్‌ఎల్ దగ్గర ఆగుతోందో లాగ్‌లోనే కనబడుతుంది, ఆ డొమైన్లు జాబితాకు చేర్చండి. తర్వాత బోయింక్‌సీఎండీతోనే నెట్‌వర్క్_అవైలబుల్ ఇవ్వడం మరిచిపోవద్దు. విఫలమైన కొద్దీ క్లయింటు విరామం పెంచుకుంటూ పోతుంది, మీరు సరిచేసినా గంటల తరబడి కదలదు.

ప్రాక్సీ వివరాలు కూడా సీసీ_కాన్ఫిగ్‌లోని ప్రాక్సీ_ఇన్ఫో కింద రాయండి. సర్వీస్ వేరే ఖాతాతో నడుస్తుంది, లాగిన్ అయినవాళ్ల బ్రౌజర్ సెట్టింగులు దానికి అందవు. పాస్‌వర్డ్ అక్కడ మామూలు అక్షరాల్లోనే ఉంటుంది, అందుకే ప్రాక్సీలో దీనికోసం విడిగా ఖాతా చేయించండి. స్క్విడ్ పాతదై 417 ఎర్రర్ ఇస్తుంటే హెచ్‌టీటీపీ_1_0 ఆప్షన్ 1 చేస్తే పోతుంది.

గొలుసు_443:
సర్టిఫికెట్ సంగతి. విండోస్ సర్టిఫికెట్ స్టోర్‌లో మీ ఫైర్‌వాల్ రూట్ సర్టిఫికెట్ (దాని మిగతా సర్టిఫికెట్లను నమ్మడానికి మూలం) ఉన్నా బోయింక్ దాన్ని చూడదు. తన ఇన్‌స్టాల్ ఫోల్డర్లోని సీఏ-బండిల్.సీఆర్‌టీని చదువుతుంది. ఆ ఫైలు చివర మీ రూట్ సర్టిఫికెట్‌ను పెమ్ (టెక్స్ట్) రూపంలో అతికిస్తే నడుస్తుంది, కానీ వెర్షన్ మార్చిన ప్రతిసారీ ఫైలు కొత్తదై మీరు అతికించింది పోతుంది. ప్రాజెక్టు డొమైన్లను ఫైర్‌వాల్ తనిఖీ నుంచి మినహాయించమనడమే నా సలహా. భద్రతా బృందం ఒప్పుకోకపోతే ఈ మాట చెప్పండి: ప్రాజెక్టు ప్రోగ్రామ్ ఫైళ్ల మీద డిజిటల్ సంతకం ఉంటుంది, క్లయింటు దాన్ని సరిచూశాకే నడుపుతుంది. ఫైర్‌వాల్ మధ్యలో ఒక్క బైటు మార్చినా ఆ ఫైలు పనికిరాదు.

ఇక హోస్టులు. ప్రతి క్లయింటుకూ ఒక హోస్ట్ నంబరు, ప్రతి షెడ్యూలర్ అభ్యర్థనకూ పెరిగే ఒక వరుస సంఖ్య ఉంటాయి. రెండూ క్లయింట్_స్టేట్.ఎక్స్‌ఎంఎల్‌లోనే ఉంటాయి. మీ ఫ్రీజ్ సాఫ్ట్‌వేర్ పొద్దున్నే ఆ ఫైలును వెనక్కి తిప్పేస్తుంది. తన దగ్గరున్న సంఖ్య కంటే చిన్నది రాగానే సర్వర్ ఇది కాపీ అని తేల్చి కొత్త హోస్టును సృష్టిస్తుంది. నిన్నటి టాస్కులు ఎవరికీ కాకుండా గడువు దాకా పడి ఉంటాయి, వాటి కోసం ఎదురుచూసే పరిశోధకుల పనీ అంతే ఆలస్యమవుతుంది. కాబట్టి ఇది ముందు సరిచేయండి:

డేటా ఫోల్డర్‌ను ఫ్రీజ్ వర్తించని డ్రైవ్‌కు మార్చండి, ఇన్‌స్టాలర్ అడ్వాన్స్‌డ్ తెరలో అడుగుతుంది. ఇమేజ్ తీసేముందు సర్వీస్ ఆపి క్లయింట్_స్టేట్.ఎక్స్‌ఎంఎల్‌నూ, ప్రీవ్ అని ఉన్న దాని పాత కాపీనీ తీసేయండి. అకౌంట్_ తో మొదలయ్యే ఫైలు ఉంచితే మెషీన్ లేవగానే తనంతట తానే ప్రాజెక్టులో చేరుతుంది. ఆ ఫైల్లో అసలు అకౌంట్ కీ కాకుండా, మెషీన్‌ను ప్రాజెక్టుకు కలపడానికి మాత్రమే పనికొచ్చే వీక్ అకౌంట్ కీ పెట్టండి. దొంగిలించినా వెబ్ అకౌంట్లోకి దూరలేరు. అకౌంట్ పాస్‌వర్డ్ మారిస్తే మాత్రం ఈ కీ చెల్లదు, 60 మెషీన్లలోనూ మార్చాలి.

ల్యాబ్_కాపరి:
నెట్‌గుమ్మం గారూ, గొలుసు గారూ, ధన్యవాదాలు. డేటా ఫోల్డర్ డీ డ్రైవ్‌కు మార్చాక రెండు రోజులుగా కొత్త హోస్టులు లేవు. మిర్రర్ డొమైన్లు చేర్చాక డౌన్‌లోడ్లూ మొదలయ్యాయి. కానీ ఉదయం 9కి అన్నీ ఒకేసారి లేచి లైనంతా తినేస్తున్నాయి.

పొదుపు_బైటు:
గ్లోబల్_ప్రెఫ్స్_ఓవర్‌రైడ్.ఎక్స్‌ఎంఎల్‌లో డౌన్‌లోడ్ పరిమితి పెట్టండి. ఒక్కో మెషీన్‌కు సెకనుకు 100 కిలోబైట్లన్నా 60కి కలిపి 48 మెగాబిట్లు అవుతుంది, ఆ లెక్కతో దించుకోండి. మేనేజర్ తెరలో కిలోబైట్లు, ఈ ఫైల్లో బైట్లు. 50 అని రాస్తే నిజంగానే 50 బైట్లే వస్తాయి, 50000 రాయాలి. ల్యాబ్ పగలే నడుస్తుంది కాబట్టి పని నిల్వ 0.1 రోజు చాలు, ఎక్కువైతే గడువులు దాటుతాయి.

హెచ్‌టీటీపీ మీద దిగే ఫైళ్లను స్క్విడ్ దాచుకోగలదు గానీ దాని సహజ పరిమితి 4 ఎంబీ. స్క్విడ్ సెట్టింగుల్లో మాక్సిమమ్_ఆబ్జెక్ట్_సైజ్‌ను 512 ఎంబీ చేసి, ఆ వరుసను క్యాష్_డైర్ కంటే పైన రాయండి. హెచ్‌టీటీపీఎస్ మీద వచ్చేవాటికి ఇది పనిచేయదు.

గ్రాఫిక్స్ కార్డుల చిక్కు సర్వీస్ మోడ్‌ది. విండోస్ విస్టా నుంచి సర్వీసులు సెషన్ 0లో (లాగిన్ అయినవాళ్ల డెస్క్‌టాప్‌కు విడిగా) ఉంటాయి, అక్కడికి కార్డు అందదు. ఆ 12 మెషీన్లలో సర్వీస్ ఎంపిక లేకుండా మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. అయితే ఎవరైనా లాగిన్ అయి ఉన్నంతసేపే నడుస్తుంది. మిగతా 48ని సర్వీస్‌గానే వదిలేయండి.