అప్‌డేట్: బీఏ సోషియాలజీతో పబ్లిక్ హెల్త్‌లో చేరాను

బీఏ సోషియాలజీ చదివి పబ్లిక్ హెల్త్ పీజీలో చేరితే నెట్టుకురాగలనా అని నిరుడు అడిగాను. మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, సిరొంచ దగ్గర పల్లె. ధైర్యం చేసి చేరాను, రెండో సెమిస్టర్ నడుస్తోంది.

బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య సమాచారానికి వాడే గణాంకశాస్త్రం) బాగా ఏడిపించింది. బీడీఎస్ (దంత వైద్యం) చదివిన రూమ్‌మేట్ రోజూ గంటసేపు చెప్పబట్టి గట్టెక్కాను.

ఒకరోజు పాఠంలో మా జిల్లా పేరే వచ్చింది! అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతుల 'సెర్చ్' సంస్థ ఊరి ఆడవాళ్లకే పసిబిడ్డల సంరక్షణ నేర్పింది. 39 ఊళ్లలో మూడో ఏడాదికి నవజాత శిశు మరణాలు, పోల్చి చూసిన ఊళ్లకంటే 62 శాతం తగ్గాయి. ఇది 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. ఒళ్లు పులకరించింది.

సెలవుల్లో ఆశా వర్కర్ అయిన మా చిన్నమ్మ వెంట వెళ్లాను. ఆసుపత్రి కాన్పయితే 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికెళ్లి చూడాలి. బిడ్డను సంచిలో పడుకోబెట్టి కాటాకు తగిలించింది. ఫారం మరాఠీలో ఉంది, బాలింతకు తెలుగే వచ్చు. "పాలు తాగుతున్నాడా?" అని చిన్నమ్మ బాలింతను అడిగితే, ఆమె అత్త "ఆ, మంచిగనే" అంది. బాలింత తల దించుకుంది. చిన్నమ్మ అత్తను మంచినీళ్లు తెమ్మని పంపి, మళ్లీ మెల్లగా అడిగింది. రెండు రోజులుగా సరిగా పట్టడం లేదట.

నా డిసర్టేషన్ దీనిమీదే: బాలింతను అడిగిన ప్రశ్నకు ఇంట్లో ఎవరు జవాబిస్తున్నారు? నిరుడు నేనడిగినప్పుడు, సైన్స్ లేదని ఆగొద్దన్న అక్కకు చాలా థాంక్స్.