రోజుకు 60 ఘడియలు, చక్రానికి 60 సంవత్సరాలు: ఈ సంఖ్యే ఎందుకు?

ప్రశ్న (పంచాంగ పాఠకుడు):
గంటకు 60 నిమిషాలు, రోజుకు 60 ఘడియలు, ప్రభవ నుంచి అక్షయ వరకు 60 సంవత్సరాలు, ఆ చుట్టు పూర్తయితే షష్టిపూర్తి. వీటన్నిటి వెనుకా ఉన్నది ఒకే గణిత కారణమా? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం (లెక్కల ఉపాధ్యాయిని):
భాజకాలే ప్రధాన కారణమని నేను భావిస్తాను. 1 నుంచి 6 వరకు గల అన్ని సంఖ్యలతోనూ నిశ్శేషంగా భాగింపబడే సంఖ్యల్లో 60 కనిష్ఠం; మొత్తం 12 భాజకాలు గల సంఖ్యల్లోనూ ఇదే కనిష్ఠం. అందుకే గంటలో సగమైనా, మూడో వంతైనా, పావైనా, ఐదో వంతైనా పూర్తి నిమిషాల్లోనే వస్తుంది. 100 నిమిషాల గంటలో మూడో వంతు దగ్గరే లెక్క భిన్నంలో పడుతుంది. ఫ్రాన్సులో విప్లవకాలంలో, 1793లో, అటువంటి గంటనే శాసనం చేసి 1795లో నిలిపివేశారు. ఇన్ని భాజకాలున్న 60కి ఇరుపక్కలా ఉన్న 59, 61 రెండూ ప్రధాన సంఖ్యలు కావడం ఎంత అందమైన విషయమో చూడండి.

సమాధానం (జ్యోతిర్గణిత అభ్యాసి):
టీచర్ గారి వివరణ గంటకు సరిపోతుంది గాని, సంవత్సర చక్రానికి సరిపోదండీ. అది ఆకాశం నుంచి వచ్చిన 60. గురుడు రాశిచక్రాన్ని చుట్టి రావడానికి దాదాపు 12 ఏళ్లు, శనికి దాదాపు 30 ఏళ్లు పడుతుంది. ఈ రెంటి క.సా.గు. 60. నిజానికి గురుడి ఐదు చుట్లకు సుమారు 59.3, శని రెండు చుట్లకు సుమారు 58.9 ఏళ్లే కాబట్టి పొంతన ఉజ్జాయింపుగానే కుదురుతుంది. అయినా ఆ రెండు గ్రహాలు దాదాపు 20 ఏళ్లకొకసారి కలుసుకుంటూ, ప్రతి మూడో కలయికకూ ఆకాశంలో ఇంచుమించు పాత చోటికే వస్తాయి. 1961 నాటి కలయికకు 2020 నాటిది అటువంటి మూడోది. ఉత్తరాదిన గురుగతినే అనుసరించి సుమారు 85 ఏళ్లకొక సంవత్సరం పేరును వదిలేస్తారు. మనం ఏదీ వదలకుండా వరుసగా లెక్కిస్తాం. 1987 ఉగాదికి ప్రభవ మొదలైంది గనుక 2025 ఉగాదికి 39వదైన విశ్వావసు వచ్చింది. ప్రభవ మళ్లీ 2047లో వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మరి ఘడియను ఏ కోవలో చేర్చాలి?

సమాధానం (జ్యోతిర్గణిత అభ్యాసి):
దానిని టీచర్ గారి కోవలోనే చేర్చాలి. ఘడియకు 24 నిమిషాలు, అందులో 60వ వంతైన విఘడియకు 24 సెకన్లు. అంటే ఇది పూర్తిగా భాగహారంతో వచ్చిన కొలత. పూర్వం అడుగున సన్నని రంధ్రం ఉన్న రాగి గిన్నెను నీటిపై వదిలేవారు. అది నిండి మునిగితే ఒక ఘడియ గడిచినట్టు.