ఎండ డేటాను అరగంట వెనక్కి జరపొచ్చా?

కొత్తోడు:
కర్నూలు దగ్గర ఓర్వకల్లు వైపు ఒక సోలార్ ప్లాంటుకు ఉత్పత్తి అంచనా కడుతున్నాను. ఎండ డేటా ఈఆర్ఏ5ది (జరిగిపోయిన వాతావరణాన్ని మోడల్‌తో తిరిగి లెక్కకట్టిన యూరప్ వాళ్ల డేటా). గ్రీనిచ్ టైములో, గంటకొకటి. ప్లాంటు లాగర్‌లో (ఉత్పత్తిని టైముతో సహా నమోదు చేసే పెట్టె) 15 నిమిషాల బ్లాకులు, రోజుకు 96. 5:30 కలిపి గ్రాఫ్ గీస్తే నా గీత లాగర్ గీత కంటే ఆలస్యంగా లేచి ఆలస్యంగా పడుతోంది. అరగంట వెనక్కి జరిపితే దాదాపు అతుక్కుపోయింది. మా సీనియరేమో "జరిపి కలిపేది లెక్క కాదు, అతుకు" అంటున్నారు. మీరేమంటారు?

పల్లెసూర్యుడు:
జరిపేయ్ తమ్ముడూ. లాగర్ చెప్పిందే నిజం. నేనైతే కోరిలేషన్ (రెండు గీతల పొంతన) ఎక్కడ ఎక్కువొస్తే అక్కడ ఆపేస్తా. ఏడాది యూనిట్ల మొత్తం అరగంటకు మారదు.

బ్లాకు 48:
ఏడాది మొత్తానికి సరే, ఏ బ్లాకులో ఎంత కరెంటు ఇస్తామో ముందే గ్రిడ్‌కు షెడ్యూలు పంపేవాళ్లను అడగండి. పొద్దున ఎండ ఎక్కేటప్పుడు అరగంటంటే రెండు బ్లాకులు తప్పు. షెడ్యూలు తప్పినందుకు కట్టే డీవియేషన్ చార్జీ పడేది అక్కడే.

అసలు ఈఆర్ఏ5లో 07:00 అని ఉన్న ఎండ ఆ క్షణానిది కాదు. 06:00 నుంచి 07:00 దాకా పడిందంతా కూడిన మొత్తం (జౌళ్లలో ఉంటుంది, 3600తో భాగిస్తే సగటు వాట్లు). మన టైములో 11:30 నుంచి 12:30. నువ్వు దాన్ని 12:30 మీద చుక్క పెట్టావు, పెట్టాల్సింది 12:00 మీద. ఆ గంటలో సరిగ్గా నాలుగు బ్లాకులు పడతాయి. లాగర్ వైపు ఆ నాలుగింటి సగటు తీసి పోల్చు, జరిపే పనే ఉండదు.

పల్లెసూర్యుడు:
తిప్పి తిప్పి నా అరగంటకే వచ్చారు!

బ్లాకు 48:
కాదన్నా. ఈఆర్ఏ5 గాలి వేగం ఆ క్షణానిదే. ఎండతో పాటు దాన్నీ లాగితే బాగున్నదాన్ని పాడుచేసినట్టే. మా దగ్గర ఎండ, గాలి రెండూ ఉన్న హైబ్రిడ్ ప్రాజెక్టులో ఒకతను అదే చేశాడు, రెండు నెలలు ఎవరం కనిపెట్టలేదు. పైగా మధ్యాహ్నం పట్టిన మబ్బును ఈఆర్ఏ5 పట్టుకోకపోతే లాగర్ గీత పొద్దుటి వైపు ఒరుగుతుంది. కోరిలేషన్ దాన్నీ టైము తేడా అనుకుంటుంది.

మధ్యాహ్నం నీడ:
ముందు లాగర్ గడియారాన్ని సూర్యుడితో సరిచూడండి. మన టైము 82.5 డిగ్రీల రేఖది, కాకినాడ దగ్గర్నుంచి పోతుంది. కర్నూలు 78 దగ్గర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 18 నిమిషాలు వెనక. పైగా సూర్యుడి మిట్టమధ్యాహ్నం గడియారంతో పోలిస్తే ఏడాదిలో ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఫిబ్రవరి రెండో వారంలో అలా ఇంకో 14 నిమిషాలు కలిసి అసలు మిట్టమధ్యాహ్నం 12:32కి అవుతుంది. నవంబరు మొదట్లో అయితే 12:01కే. దక్షిణానికి తిప్పి బిగించిన ప్యానెళ్లయితే, మబ్బు లేని రోజు ఉత్పత్తి గీత నడుమ అక్కడే రావాలి.

కొత్తోడు:
చూశాను సార్. మొన్న ఫిబ్రవరి 11న నడుమ 12:39కి వచ్చింది. ఏడు నిమిషాలు తేడా. నవంబరు 3ది తీస్తే 12:03, అంటే అప్పటికి రెండే. గడియారం మెల్లగా ముందుకు పోతోంది.

పల్లెసూర్యుడు:
అయితే నెలకొక లెక్కన జరపాలి. నేను జరపమంటే తప్పన్నారు!

బ్లాకు 48:
ఈసారి కారణం తెలుసు కదన్నా. తమ్ముడూ, ముందు ఆ గడియారం సరిచేయించు, సరిచేసిన తేదీ రాసిపెట్టుకో.