ట్రిగ్గర్ నొక్కితే పేలలేదు, పాప రైఫిల్‌తో సహా వెనక్కి తిరిగింది

పాప వాళ్ళ నాన్న:
మొన్న ఆదివారం నేను, మా ఆవిడ, పాప, మా బావమరిది కలిసి షూటింగ్ రేంజ్‌కి వెళ్ళాం. పాపకి 14 ఏళ్ళు. రైఫిల్ నాదే, .22 బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకీ హ్యాండిల్‌తో బోల్ట్‌ని వెనక్కి లాగి, మళ్ళీ ముందుకి తోసి మూసే రకం). మొదటి 20 రౌండ్లు బాగానే పేలాయి. తర్వాత ఒకసారి ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' మని చప్పుడొచ్చిందంతే. "నాన్నా, పేలట్లేదు" అంటూ పాప రైఫిల్ పట్టుకునే వెనక్కి తిరిగింది. రైఫిల్ మూతి ఒక్క క్షణం వాళ్ళమ్మ పొట్ట మీదుగా వెళ్ళింది. నేను అరిచి, బ్యారెల్ పట్టుకుని టార్గెట్ వైపు తోసేశాను. ఆ కంగారులోనే బోల్ట్ వెనక్కి లాగాను, తూటా ఊడి కింద పడింది. తూటా అంచు మీద, ట్రిగ్గర్ నొక్కితే వచ్చి కొట్టే పిన్ గుర్తు ఉంది కానీ చాలా లేతగా ఉంది.

ఆ మ్యాగజైన్‌లోనే ఇంకోటి కూడా అలాగే ఆగింది. ఆ తర్వాతది పేలింది కానీ ఖాళీ కేస్ (తూటా తొడుగు) ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే చోట, ఇరుక్కుంది. బావమరిది చాకుతో లాగబోతే వద్దన్నాను. రేంజ్ ఆఫీసర్ వచ్చి, మూతి వైపు నుంచి క్లీనింగ్ రాడ్ పెట్టి తోసి తీశారు.

లోపం తూటాలదా, రైఫిల్‌దా? ఎలా తెలుసుకోవాలి? అంతకన్నా నన్ను తొలిచేస్తున్నది ఇంకొకటి. పాప ఆ రోజు నుంచి రైఫిల్ ముట్టనంటోంది. తనకి ఏం చెప్పాలి?

కోచ్ అక్క:
ముందు పాపని ఏమీ అనకండి. సైకిల్ చైన్ ఊడినా పిల్లలు మన వైపు తిరిగే చూపిస్తారు. రైఫిల్‌తో అలా చేయకూడదని మనమే ముందుగా నేర్పాలి. నేను కొత్తవాళ్ళకి గురి కన్నా ముందు ఇదే నేర్పుతాను.

'టిక్' అనగానే రైఫిల్ మూతి, మన కళ్ళు రెండూ టార్గెట్ వైపే ఉండాలి. ట్రిగ్గర్ దగ్గరున్న చెయ్యే పైకెత్తాలి, అప్పుడు వేలు దానంతటదే బయటికొస్తుంది. తల తిప్పకుండా "ఆగింది" అని గట్టిగా చెప్పాలి. తర్వాత 30 సెకన్లు ఆగాలి. మందు ఆలస్యంగా అంటుకోవడం అరుదే. కానీ బోల్ట్ తెరిచాక అంటుకుందంటే కేస్ పగిలి ముక్కలు మొహానికి కొడతాయి. మీరు వెంటనే బోల్ట్ లాగారు చూడండి, నాకు పాప తిరగడం కన్నా అదే ఎక్కువ భయం వేసింది. 14 ఏళ్ళ పిల్లకి తెలియదు, మనకి తెలిసుండాలి కదా.

డమ్మీ రౌండ్లు (మందు లేని ఉత్తుత్తి తూటాలు) కొనండి. నిజం తూటాలు ఆ గదిలోనే లేకుండా చూసుకుని, ఇంట్లో ఇది చేయించండి. తర్వాత రేంజ్‌లో పాపకి తెలియకుండా మ్యాగజైన్‌లో నిజం రౌండ్ల మధ్య ఒక డమ్మీ కలపండి. మీరు చెయ్యి చాపితే రైఫిల్ అందేంత దగ్గరలో, తన వెనక పక్కగా నిలబడండి.

బోల్ట్ విప్పేవాడు:
గుర్తు లోతుగా పడి కూడా పేలకపోతే తూటాని అనుమానించాలి. లేతగా ఉంటే రైఫిల్‌నే చూడాలి. .22లో పేలే మందు కేస్ అంచు లోపల ఉంటుంది, పిన్ ఆ అంచుని గట్టిగా నలిపితేనే అంటుకుంటుంది. బోల్ట్ లోపల పాత నూనె గట్టిపడితే పిన్ మెల్లగా వెళ్తుంది. స్ప్రింగ్ అలిసిపోయినా అంతే.

ఇంకో సంగతి అడుగుతాను, పాప బోల్ట్ హ్యాండిల్‌ని పూర్తిగా కిందికి దించుతోందా? సగంలో ఆపితే పిన్ బలంలో కొంత బోల్ట్‌ని మూయడానికే పోతుంది. చిన్న చేతులవాళ్ళ దగ్గర ఇది చాలాసార్లు చూశాను. కేస్ ఇరుక్కోవడానికి కారణం ఎక్కువగా ఛాంబర్‌లో మైనం, మసి, లేదా కేస్‌ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద చెత్త. చాకు పెట్టనివ్వకుండా మంచి పని చేశారు. ఛాంబర్ అంచుకి గీత పడితే కేసులు రోజూ ఇరుక్కుంటాయి.

రెండో లేన్:
'టిక్' తో పాటు 'తుస్' గురించి కూడా పాపకి చెప్పండి. చప్పుడు తక్కువగా వచ్చి, భుజానికి తన్ను తెలియకపోతే గుండు బ్యారెల్‌లోనే ఆగిపోయి ఉండొచ్చు. ఇంకోటి పేలిస్తే గొట్టం ఉబ్బుతుంది, చీలిపోనూ వచ్చు. మా తమ్ముడు అలా ఇంకో రౌండ్ ఎక్కించబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ తీసి, వెనక నుంచి చూస్తే వెలుతురు కనబడలేదు.

పాప వాళ్ళ నాన్న:
అందరికీ థాంక్స్. బోల్ట్ విప్పిస్తే లోపల నూనె జిగురులా పట్టేసి ఉంది. కొన్నప్పటి నుంచి బ్యారెలే తుడిచాను, బోల్ట్ జోలికి పోలేదు. హ్యాండిల్ సంగతి అడిగితే "గట్టిగా నొక్కితే విరుగుతుందేమోనని సగమే దించాను నాన్నా" అంది.

నిన్న డమ్మీలతో ముందు నేను చేసి చూపించాను. వాళ్ళమ్మ పక్కన కూర్చుని "నీ మీద నాకు కోపం లేదమ్మా, ఒకసారి పట్టుకుని చూడు" అన్నాకే ముట్టుకుంది. మొదటి రెండుసార్లు తల తిప్పింది. మూడోసారి చెయ్యెత్తి, టార్గెట్ కోసం గోడకి అంటించిన కాగితం వైపే చూస్తూ "ఆగింది" అని, మెల్లగా ముప్పై దాకా లెక్కపెట్టింది.