"దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు": జన్యువుల దగ్గర ఈ సామెత అతుకుతుందా?

మద్దిలపాలెం నుంచి ప్రశ్న:
పెద్దలందరికీ నమస్కారం. మా కాలేజీ గోడపత్రికకి జన్యువుల మీద ఒక పేజీ రాస్తున్నాను. ఇన్సులిన్ జన్యువు కాలేయ కణంలోనూ ఉంది, చర్మ కణంలోనూ ఉంది. అయినా ఇన్సులిన్ తయారయ్యేది క్లోమంలోనే. ఎందుకలా, అన్నది విషయం. పై సామెతని శీర్షికగా పెట్టాను. మా లెక్చరర్ గారు చూసి, "సామెత బాగుంది, విషయానికి అతుకుతుందో లేదో కనుక్కో" అన్నారు. మీరేమంటారు?

ఎంవీపీ కాలనీ:
ఏ జీవి గురించి రాస్తున్నావో దాన్నిబట్టి ఉంటుందమ్మా. బాక్టీరియా అయితే అతకదు. అక్కడ డీఎన్‌ఏ చాలావరకు తెరిచే ఉంటుంది. పాలిమరేజ్ ఎంజైము నేరుగా వచ్చి ప్రమోటర్ (జన్యువు మొదట్లో రాత మొదలయ్యే చోటు) మీద వాలి ఆర్‌ఎన్‌ఏ రాయడం మొదలుపెట్టగలదు. వద్దనుకుంటే ఆపడానికి ఒక రిప్రెసర్, అంటే అడ్డుపడే ప్రొటీన్, కావాలి. 1961లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు జాకబ్, మోనో వివరించిన లాక్ ఒపెరాన్ (బాక్టీరియా పాలచక్కెరను వాడుకునే జన్యువుల గుంపు) కథ అదే. మన కణాల్లో, అంటే కేంద్రకమున్న నిజకేంద్రక కణాల్లో, వ్యవహారం తిరగబడుతుంది. సుమారు రెండు మీటర్ల డీఎన్‌ఏ కంటికి కనబడని కేంద్రకంలో ఇమడాలి కదా. అందుకని హిస్టోన్లనే ప్రొటీన్లు ఎనిమిది కలిసిన ముద్ద చుట్టూ 147 క్షార జతల (డీఎన్‌ఏ అక్షరాల జతల) చొప్పున చుట్టుకుని ఉంటుంది. ప్రమోటర్ ఆ చుట్టలో చిక్కుకుంటే పాలిమరేజ్‌కి అందదు. ఎవరూ అడ్డుపడకపోయినా పని జరగదు. జరగాలంటే ఎవరో ఒకరు పూనుకుని విప్పాలి. ఆ లెక్కన నీ సామెత సగం నిలబడినట్టే.

గాజువాక:
నేను సైన్సు చదవలేదు, సామెత సంగతే చెబుతాను. ఇందులో "వరం" రెండుసార్లు వస్తుంది, చమత్కారమంతా అక్కడే ఉంది. పూజారి దగ్గర సొంత వరమంటూ ఏదీ లేదు. దేవుడిచ్చినదాన్నే తన సొత్తన్నట్టు పట్టుకుని కూర్చుంటాడు. "పూజారి ఒప్పుకోడు" అని ఉంటే ఇన్నాళ్ళు జనం నోట నిలిచేది కాదు. మరి కణంలో ఈ నియంత్రణ ప్రొటీన్లు తమ తరఫున ఏమైనా రాతలు కలుపుతాయా?

ఎంవీపీ కాలనీ:
ఒక్క అక్షరం కలపవండీ. జన్యువులో ఉన్నదే ఆర్‌ఎన్‌ఏలోకి ఎక్కుతుంది. ఏ కణంలో, ఎప్పుడు, ఎంత అన్నదే వీటి చేతిలో ఉంటుంది. కాబట్టి మీరన్న చమత్కారం ఇక్కడ ఇంకా గట్టిపడుతుంది. నాకు అభ్యంతరమల్లా "పూజారి" అన్న ఏకవచనంతోనే. ప్రొటీన్లకు మూలమైన ఆర్‌ఎన్‌ఏ రాసే పాలిమరేజ్-2కి ప్రమోటర్ ఎక్కడుందో తనంతట తెలియదు. టీఎఫ్-2డీ లాంటి సాధారణ కారకాలు, అంటే దారిచూపే ప్రొటీన్లు, ముందుగా అక్కడ చేరాలి. హిస్టోన్ల మీది లైసిన్లకు ఎసిటైల్ గుంపులు తగిలించే ఎంజైములు వేరు. అలా తగిలిస్తే లైసిన్ ధనావేశం పోయి, డీఎన్‌ఏ మీద పట్టు సడలుతుంది. ఎక్కడో దూరాన ఎన్‌హాన్సర్ (జన్యువుని పనిచేయించే డీఎన్‌ఏ ముక్క) మీద కూర్చున్న కారకాల మాట పాలిమరేజ్‌కి చేరవేసే మీడియేటర్ మరొకటి. దాంట్లోనే పాతిక పైగా ప్రొటీన్లుంటాయి.

భీమిలి:
అయితే పూజారి ఒక్కడేటి మాస్టారూ, దేవస్థానం ఆఫీసంతా ఉంది కదా! ఈఓ సంతకం కాందే కౌంటరు తెరవరు.

ఎంవీపీ కాలనీ:
నవ్వులాటకి అన్నా, నిజం అంతే బాబూ. ఆ సంతకం పెట్టేవాడు ఎంత దూరంలో ఉంటాడో విను. చేతివేళ్ళ అమరికను నిర్దేశించే సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువుంది. పిండంలో చెయ్యి ఏర్పడేటప్పుడు దాన్ని పనిచేయించే ఎన్‌హాన్సర్ సుమారు పది లక్షల క్షార జతల అవతల, ఇంకో జన్యువు మధ్యలో ఉంది. అక్కడ ఒక్క అక్షరం మారినా కొందరికి ఆరో వేలు వస్తుంది. అసలు జన్యువు చెక్కుచెదరకుండా ఉంటుంది.

మద్దిలపాలెం:
అయితే సామెత తీసేయమంటారా?

పాడేరు:
తీసేయకమ్మా. మా మన్యంలో సికిల్ సెల్ జబ్బు (ఎర్రకణాలు కొడవలిలా వంగే రోగం) ఉన్న ఇళ్ళున్నాయి, దానికి నీ సామెత అచ్చంగా సరిపోతుంది. ఆ రోగుల్లో పాడైనది హిమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్ జన్యువు. తల్లి కడుపులో ఉన్నన్నాళ్ళు నడిచేది గామా గ్లోబిన్. అది పుట్టాక కొన్ని నెలల్లో దాదాపు ఆగిపోతుంది, జన్యువు మాత్రం జీవితాంతం అక్కడే ఉంటుంది. అది మళ్ళీ నడిస్తే రోగం అదుపులోకొస్తుంది, కానీ బీసీఎల్11ఏ అనే ప్రొటీన్ నడవనివ్వదు. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన క్రిస్పర్ (డీఎన్‌ఏని కావలసిన చోట కోసే పద్ధతి) చికిత్సలో పాడైన జన్యువు జోలికి వెళ్ళరు, గామా జోలికీ వెళ్ళరు. రోగి మూలకణాలు తీసి ఈ బీసీఎల్11ఏని తగ్గిస్తారు.

గాజువాక:
బాగుందండీ, అయితే ఒక్క మాట. సామెతలో పూజారి మీద తిట్టుంది. ఆ ప్రొటీన్ దుర్మార్గురాలా?

పాడేరు:
కాదండీ. గామా గ్లోబిన్‌తో తయారయ్యే గర్భస్థ హిమోగ్లోబిన్ తల్లి రక్తం నుంచి ఆక్సిజన్ లాక్కోవడానికి పనికొచ్చేది. పుట్టాక దాని అవసరం తీరినట్టే. ఆరోగ్యవంతుడికి దాన్ని ఆపడం వల్ల నష్టమేమీ లేదు. పైగా బీసీఎల్11ఏ తెల్లకణాల్లో ఒక రకానికీ, మెదడు ఎదుగుదలకీ కావాలి. అందుకే ఆ జన్యువుని పూర్తిగా పాడుచేయరు. ఎర్రకణాల వరుసలో మాత్రమే దాన్ని నడిపించే ఎన్‌హాన్సర్‌ని కోస్తారు. మిగతా చోట్ల దాని పని దానిదే.

గాజువాక:
అలాగైతే శీర్షికగా వద్దమ్మా. పేజీ మొత్తానికి పెడితే నియంత్రణంటే అడ్డుకోవడమేనని పిల్లలనుకుంటారు, పైన మాస్టారు చెప్పిందేమో విప్పడం గురించి. సికిల్ సెల్ పేరా మొదట్లో పెట్టు, తిట్టు లేదని ఒక వాక్యం చేర్చు.

మద్దిలపాలెం:
అలాగేనండీ. శీర్షిక "తలుపు ఎవరు తీస్తారు?" అని మారుస్తాను.

భీమిలి:
మా ఇంట్లో "వరమియ్యడు" అంటారు. "ఇవ్వడు" అని అచ్చేస్తే మా నాయనమ్మ ఒప్పుకోదు.

గాజువాక:
రెండూ వాడుకలో ఉన్నవే. నోటికి ఏది వస్తే అది రాయమనండి.