ఐరన్ మాత్రల వల్లే షుగర్ వచ్చిందా?

మాది నరసన్నపేట దగ్గర పల్లె. మొదటి కాన్పు, ఏడో నెల. మొన్న పీహెచ్‌సీలో 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగించి రెండు గంటలయ్యాక చూస్తే 158 వచ్చింది, 140 దాటింది కాబట్టి షుగరే అన్నారు. ఐరన్ ఎక్కువైతే షుగర్ వస్తుందని మా వదిన ఫోన్లో చదివిందట, మాత్రలు మానెయ్యమంటోంది. నా హిమోగ్లోబిన్ 9.4. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, కడుపు రాకముందు బరువు 66. మానెయ్యనా?

విజయనగరం నుంచి:
మానకు చెల్లీ. నాకూ రెండో కాన్పులో వచ్చింది. మా అత్తయ్య ఇద్దరి తిండి తినాలని గిన్నెడన్నం పెట్టేవారు, పైన చోడి (రాగి) అంబలి, అందులో బెల్లం. చోళ్లు మంచివే కదా అని నేనూ లాగించేశాను, గంటాగి మిషన్‌లో చూస్తే 190! అప్పట్నుంచి బెల్లం బంద్, అంబలి బదులు చిన్న చోడి రొట్టె, పక్కన పప్పు, మునగాకు.

స్టాఫ్ నర్సుని:
మీ వదిన చదివింది పూర్తిగా అబద్ధం కాదమ్మా. ఒంట్లో ఐరన్ నిల్వలు బాగా ఎక్కువున్నవాళ్లలో ఈ షుగర్ ఎక్కువగా కనిపించిందని పరిశోధనల్లో ఉంది, కానీ అదే కారణమని తేలలేదు. 9.4 అంటే మీకు రక్తం తక్కువ, మాత్ర పెంచుతారేమో గానీ ఆపరు. మెగ్నీషియం తక్కువైతే ఇన్సులిన్ సరిగా పనిచేయదన్నదీ నిజమే, అలాగని మందుల షాపులో సొంతంగా కొనుక్కోవద్దు, మునగాకు, నువ్వులు, పప్పుల్లో దొరుకుతుంది. మీ విషయంలో నాకైతే బరువే పెద్దగా కనిపిస్తోంది. మీ బీఎంఐ, అంటే ఎత్తుకి బరువెంతో చూసే లెక్క, 27 దాటింది, మన వాళ్లకి 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క. ఏడో నెలకి కడుపులో బిడ్డకి తిండి అందించే మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ని అడ్డుకుంటాయి, ముందే బరువుంటే ఇంకా కష్టం. అలాగని ఇప్పుడు పస్తులుండి తగ్గాలని చూడకండి. పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకి 120 లోపు ఉండాలి, తిండితో రాకపోతే డాక్టరు మందో ఇన్సులినో పెడతారు. ఇంకోటి, ఐరన్, క్యాల్షియం కలిపి మింగకండి, మధ్య రెండు గంటలైనా ఉండాలి.

అడిగిన అమ్మాయి:
అయ్యో, నేను రెండూ రాత్రి ఒకేసారి వేసుకుంటున్నాను మేడం! రేపట్నుంచి మారుస్తా. అత్తయ్యకి ఈ గిన్నెడన్నం సంగతి ఎలా చెప్పాలో మరి.