కమాండర్ జీపు: మీటర్ల లైట్లు మసక, బల్బులు మార్చినా అంతే

బొబ్బిలి_జీపు:
1997 కమాండర్, డీజిల్, 12 వోల్టుల బండి. లైట్ స్విచ్చు మొదటి పాయింటుకి లాగితే ముందు పార్కింగు, వెనక టెయిల్ లైట్లు బాగానే వెలుగుతున్నాయి. స్పీడు, డీజిల్, టెంపరేచర్ మీటర్ల వెనక బల్బులు మాత్రం అగరుబత్తి నిప్పులా ఉన్నాయి. ఇండికేటర్ వేస్తే దానితోపాటు ఇవీ మిణుకుమంటున్నాయి. లైట్లు వేయగానే డీజిల్ ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ కాస్త జరుగుతున్నాయి. సాలూరులో రెండు బల్బులు కొని మార్చితే ఒకటి కొంచెం నయం, రెండోది పాతదానికన్నా అధ్వానం. ఫ్యూజు బాగుంది. వేసవిలో టింకరింగు, పెయింటింగు చేయించాక మొదలైంది ఇది. మొత్తం ఎల్ఈడీలు వేసేస్తే తీరుతుందా? రాత్రిపూట ఘాటీ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు కనపడక ఇబ్బంది.

ఎర్తువైరు:
పెయింటింగు తర్వాత అన్నారు చూడండి, అదే అసలు సంగతి. ఈ రకం జీపుల్లో బల్బు హోల్డరు రేకుది. మీటరు వెనక బొక్కలోకి నొక్కి పెడతారు. హోల్డరుకి వచ్చేది ఒక్క కరెంటు వైరే. ఎర్తు, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ నెగటివ్‌కి చేరే దారి, మీటరు డబ్బా నుంచి దాన్ని బిగించే క్లాంపుకి, క్లాంపు నుంచి డాష్‌బోర్డు రేకుకి, అక్కడ నుంచి బాడీకి పోవాలి. డాష్‌బోర్డు విప్పి నాలుగు పక్కలా రంగు కొట్టి బిగించేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. టెయిల్ లైట్లు బాగున్నాయంటే స్విచ్చు దాకా కరెంటు బాగానే వస్తోంది. అవి కూడా మసకగా ఉంటే స్విచ్చునో ఫ్యూజు బాక్సునో అనుమానించేవాళ్లం. రెండు ముళ్లూ ఒకేసారి కదలడం కూడా ఇదే చెబుతోంది. ఒక్కటే కదిలితే ఆ మీటరు సెండర్‌ని (ట్యాంకులోనో ఇంజనులోనో ఉండి ముల్లుకి కొలత పంపేదాన్ని) చూడాలి, రెండూ కదిలితే రెంటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని చూడాలి.

ఏదీ విప్పకముందే రెండు నిమిషాల పరీక్ష ఉంది. రెండు కొసలా క్లిప్పులున్న పొడుగు వైరు తీసుకుని ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి తగిలించండి. లైట్లు వేసి రెండో కొసని మీటరు డబ్బా రేకుకి ఆనించండి, రంగు లేని చోట. బల్బులు ఒక్కసారిగా తెల్లగా వెలిగితే తప్పు ఎర్తుదే. మల్టీమీటరు ఉంటే 20 వోల్టుల డీసీలో పెట్టి నల్ల కొస బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర కొస మీటరు డబ్బా మీద పెట్టండి. లైట్లు వెలుగుతుండగా 0.2 వోల్టు లోపు ఉంటే మంచిది, అర వోల్టు దాటితే ఎర్తు బాగు చేయాల్సిందే.

ఎందుకంటే, 3 వాట్ల బల్బులు నాలుగు కలిపి 1 ఆంపియర్ తీసుకుంటాయి. ఎర్తు దారిలో 2 ఓముల అడ్డు ఉన్నా ఇంచుమించు 2 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. పిలమెంటు బల్బుకి 12 బదులు 10.5 వోల్టులు అందితేనే వెలుతురు మూడో వంతుకి పైగా పడిపోతుంది. ఇండికేటర్ గుర్తు బల్బు కూడా అదే ఎర్తు మీద పడితే, అది వెలిగిన ప్రతిసారీ మిగతావి ఇంకా కుంగుతాయి. మీరు చెప్పిన మిణుకు అదే.

సాలూరు_ఘాటీ:
ఎర్తు సంగతి సరే, ఆ రెండో బల్బు తీసి కేపు మీద ఏమి రాసుందో చూడండి. సాలూరు లారీల ఊరు కదా, షాపులో 12వీ, 24వీ పక్కపక్క డబ్బాల్లోనే ఉంటాయి. "మీటర్ బల్బు" అని మాత్రం అడిగితే ఏదిస్తారో తెలీదు. 24 వోల్టుల బల్బుని 12 మీద వెలిగిస్తే వెలుతురు పదో వంతే. కొత్త బల్బు పాతదానికన్నా అధ్వానం అంటే నాకు ముందు తట్టేది అదే.

అలాగని వెలుతురు కోసం 10 వాట్లది పెట్టకండి. ఆ వేడికి మీటరు లోపలి రంగు ఫిల్టరు ముడుచుకుపోతుంది, డయలు పసుపు తిరుగుతుంది.

బొబ్బిలి_జీపు:
మల్టీమీటరులో 1.9 వోల్టులు. క్లిప్పు తగిలించగానే వెలిగాయి, ముళ్లు కూడా కదలడం లేదు. రెండో బల్బు మీద 24 అనే ఉంది! ఇప్పుడు మీటర్లన్నీ విప్పి రంగు గీకాలా?

ఎర్తువైరు:
అక్కర్లేదు. రంగు గీకి రేకు బయట పెడితే తేమకి తుప్పు పట్టి రెండేళ్లలో మళ్లీ మొదటికే వస్తుంది. విడిగా ఎర్తు వైరు వేసేయండి. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి, లేకపోతే వెనక చెయ్యి పెట్టినప్పుడు కరెంటు వైరు రేకుకి తగిలి ఫ్యూజు పోతుంది. స్పీడు మీటరు కేబులు నట్టు చేత్తోనే తిప్పి వదులు చేస్తే మీటరు ముందుకి వస్తుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల నల్ల వైరు రెండు మీటర్లు, రింగు లగ్గులు నాలుగైదు, పళ్ల వాషర్లు కొనుక్కోండి. ప్రతి మీటరు క్లాంపు స్టడ్డు కింద ఒక లగ్గు వేసి, ఒకదాని నుంచి ఇంకోదానికి గొలుసులా కలిపి, చివరి కొసని బాడీకి బోల్టు వేయండి. ఆ ఒక్క బోల్టు కింద మాత్రం రూపాయి బిళ్లంత చోట ఎమరీ పేపరుతో తెల్ల రేకు వచ్చేదాకా రుద్ది, పళ్ల వాషరు పెట్టి బిగించి, పైన గ్రీజు పూయండి. క్లాంపు స్టడ్డునీ కరెంటు స్టడ్డునీ తికమక పడకండి. కరెంటు స్టడ్డు చుట్టూ ఇన్సులేషన్ వాషరు ఉంటుంది.

హోల్డర్లు తీసేటప్పుడు వైరు పట్టి లాగకండి, రేకు పట్టుకుని కొంచెం తిప్పుతూ లాగండి. లోపల ఆకుపచ్చ చిలుము ఉంటే ఎమరీ పేపరు ముక్కని సన్నగా చుట్టి తిప్పితే చాలు. హోల్డరు వదులుగా ఉంటే దాని చెవుల్ని కాస్త బయటికి వంచండి.

రాజాం_డీజిల్:
ఎల్ఈడీ గురించి ఎవరూ చెప్పలేదు. ఎర్తు సరిచేయకుండా వేస్తే జబ్బు దాక్కుంటుంది, పోదు. అవి తక్కువ కరెంటు తీసుకుంటాయి కాబట్టి వెలుగుతాయి, ముళ్లు మాత్రం అబద్ధమే చెబుతుంటాయి. తర్వాత వేస్తానంటే మీ ఇష్టం. వెలగకపోతే, కేపులెస్ (కింద రేకు కేపు లేని) రకమైతే తిప్పి పెట్టి చూడండి, వాటికి ప్లస్ మైనస్ ఉంటుంది. చార్జింగు ఎర్ర లైటు జోలికి మాత్రం పోకండి. ఆ బల్బు గుండా పోయే కరెంటుతోనే ఆల్టర్నేటరు మేలుకుంటుంది. అక్కడ ఎల్ఈడీ పెడితే ఇంజను రేజ్ చేసేదాకా చార్జింగు మొదలవకపోవచ్చు.

ఇంకోటి. పెయింటింగు అయిన బండి కాబట్టి ఇంజను నుంచి ఛాసిస్‌కి, ఛాసిస్ నుంచి బాడీకి ఉన్న ఎర్తు పట్టీలు కూడా చూడండి. సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజను బ్లాకుకీ మధ్య కొలిస్తే అర వోల్టు దాటకూడదు. దాటితే ఆ పట్టీ కొసలు కూడా విప్పి రుద్దాలి.

బొబ్బిలి_జీపు:
వైరు వేశాను, 12వీ 3 వాట్ల బల్బు పెట్టాను. లైట్లు వేసి కొలిస్తే 0.06 వోల్టు. సెల్ఫ్ మీద 0.3. చార్జింగు బల్బు ముట్టుకోలేదు.